నాటకంలో పుచ్చుకున్న తాంబూలం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆ ఊళ్లో మంత్రులు దొరికేవారు, గుమాస్తాలు దొరికేవారు, వినతిపత్రాలు రాసిపెట్టేవారు చెట్టుకొకరు దొరికేవారు. అద్దెకు గది మాత్రం దొరికేది కాదు. కచేరీలు గుడారాల్లో నడిచేవి. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు గుడారాల్లోనే వండుకుని, గుడారాల్లోనే పడుకుని, సాయంత్రం పూట తుంగభద్ర ఒడ్డుకు వెళ్లి తమ ఊళ్లను తలుచుకుని నిట్టూర్చేవారు. కడపలో ఉన్న నన్ను మా పత్రిక అక్కడికి పంపినప్పుడు, నాకు గది ఇచ్చిన మహానుభావుడు ఒక వకీలు. ఆయనదీ కడప జిల్లాయే. వీధి వైపు గది ఇస్తూ ఒక షరతు పెట్టారు. ఆయన రాసిన నాటకాలకు నేను ప్రాంప్టరుగా కూర్చోవాలి. తెర పక్కన దాక్కుని, నటులు మరిచిపోయిన మాటలు అందించే పని. విలేఖరికి పెద్దగా కొత్త కాదు. మంత్రులకు కూడా అప్పుడప్పుడు అదే పని చేసిపెట్టేవాళ్లం.

నాటకం మొదట ఒక్కటే. రాయలసీమ వాళ్లకు పౌరాణికాలూ, హార్మోనియం పోటీలూ తప్ప మరొకటి తెలియదని సెక్రటేరియట్ పెద్ద ఒకాయన కోర్టు బార్ రూములో అన్నాడట. దాంతో వకీలు గారికి రోషం వచ్చి, కుటుంబాలూ ప్రేమలూ పెనవేసుకున్న సాంఘిక ప్రహసనం ఒకటి మొదలుపెట్టారు. రాస్తూ పోయారు. చదివి వినిపిస్తే స్నేహితులు సగంలో లేచి, మిగతాది రేపు వింటామని వెళ్లిపోయారు. ఆయన దాన్ని మెప్పుగానే తీసుకుని, నాటకాన్ని మూడు ముక్కలు చేసి, మూడు శనివారాలకు పంచారు. మొదటిది నిశ్చయం, రెండోది సంశయం, మూడోది పరిణయం. పేర్లకు ప్రాస కుదిరింది కాబట్టి నాటకం కూడా కుదిరిందని ఆయన నమ్మకం.

కథ చెప్పడం తేలికే. ఒక ఇంట్లో పెళ్లీడు పిల్ల. ఆ పిల్ల తనదేనని మేనమామ పట్టు. మొదటి భాగంలో తండ్రి మొహమాటపడి అతనికి తాంబూలం ఇచ్చేస్తాడు. పిల్ల మనసు ఒక కుర్ర ప్లీడరు మీద ఉందని తెలిసి, రెండో భాగంలో మేనమామ అలిగి తాంబూలం తండ్రి కాళ్ల దగ్గర పడేస్తాడు. మూడో భాగంలో పెళ్లిపందిట్లో పిల్లకూ ప్లీడరుకూ పెళ్లి జరుగుతుంటే, పక్క పీట మీద మేనమామ మేలిముసుగు చూసి మోసపోయి ఒక హెడ్ మిస్ట్రెస్సు మెడలో తాళి కడతాడు. తెర.

ఈ కథకు మూలం తెలియడానికి నాకు వారం కూడా పట్టలేదు. నా గదికీ వాళ్ల వంటింటికీ మధ్య ఒక్క గోడే. వకీలు గారికి ఒక్కతే కూతురు. ఆ సంవత్సరం ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైంది, మంచి మార్కులతో. అనంతపురంలో ఇంటర్‌లో సీటు వచ్చింది. అక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకోవాలని ఆ పిల్ల ఆశ. జూన్ ఆఖరుకు కాలేజీ తెరుస్తారు. అయితే వేంపల్లెలో ఆమె తల్లికి ఒక తమ్ముడున్నాడు. ముప్పై దాటినవాడు, వేరుశనగ మిల్లున్నవాడు, మంచివాడే. పిల్ల పురిటి గదిలో ఉండగానే అతని తల్లి, అంటే పిల్లకు అవ్వ, "ఇది నా కోడలు" అని చెప్పేసింది. అప్పటి నుంచీ ఏటా అడుగుతూనే ఉంది. వకీలు గారు ఏటా "సూద్దాంలే అత్తా" అంటూనే ఉన్నారు. ఇదే మనిషి పురమందిరంలో మేనరికాల మీద మాట్లాడితే బల్ల విరిగిపోతుందేమో అన్నట్టుండేది. అత్తగారి ముఖం మీద అనలేని "ఇవ్వను" అనే ఒక్క మాటను ఆయన మూడు నాటకాలుగా రాశారు. అంతే సంగతి.

మేనమామ వేషం వేసింది ఆ మేనమామే.

ఇది వకీలు గారి తెలివి అని మొదట అనుకున్నాను. కాదు, గత్యంతరం లేక. నాటకం కబురు తెలిసిన రోజే అతను వేంపల్లె నుంచి బస్సు దిగి, "బావా, పెద్ద వేషం యాదైతే అది నాది" అన్నాడు. అన్నిటికన్నా ఎక్కువ మాటలున్నది మేనమామ వేషానికే. పైగా పందిరికి కావలసిన వెదురూ తడికెలూ అతని లారీలోనే రావాలి. ఆ రోజుల్లో నాటకానికి పూర్తి రాతప్రతి ఒక్కటే ఉండేది, అది ప్రాంప్టరు దగ్గర. నటులకు ఎవరి పోర్షన్ వారికి విడి కాగితాల మీద రాసిచ్చేవారు, తమ మాటలు, వాటికి ముందొచ్చే ఎదుటివాడి చివరి ముక్క, అంతే. ఈయన తన పోర్షన్ మాత్రమే కంఠస్థం చేశాడు. మిగతా నాటకంలో తన గురించి ఏమంటున్నారో ఆఖరుదాకా తెలుసుకోలేదు. జనం నవ్వితే తన ప్రతిభే అనుకున్నాడు.

పిల్ల వేషానికి కోస్తా గుమాస్తా ఒకడు దొరికాడు. గుడారంలో ఉండేవాడు, సన్నగా, తెల్లగా. చీర కడితే మా వీధిలో ఆడవాళ్లు కూడా కుచ్చిళ్లు ఎలా పెట్టాడో చూడటానికి వచ్చేవారు. హెడ్ మిస్ట్రెస్సు వేషం ఒక డ్రాయింగు మాష్టారిది. భారీ మనిషి. కళ కోసం మీసం తీయించుకుని, ఇంట్లో భార్య చేత మాటలు పడ్డాడు.

తాంబూలాలూ పెళ్లీ జరిపించే అవధాని పాత్రకు మాత్రం నటుడు దొరకలేదు. దొరికినవాళ్లు మంత్రం చదివితే బడిపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టుండేది. వకీలు గారికి సహజత్వం పిచ్చి. వెండి పళ్లెం ఇంటిదే కావాలి, పీటలు ఇంటివే కావాలి. అందుకని తమ ఇంటి పురోహితుణ్నే తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన ముందే చెప్పాడు.

"అయ్యా, నాటకానికి వేరే మంత్రాలు నాకు రావు. వచ్చినవే చదువుతాను."

"అవే చదువప్పా. అవే కావల్ల" అన్నారు వకీలు గారు.

మొదటి శనివారం హైస్కూలు ఆవరణ నిండిపోయింది. పెద్ద ఉద్యోగులు భోజనాల వేళకు ఇళ్లు చేరాలని పొద్దుండగానే తెర లేపాం. ముందు వరుసలో కుర్చీలు. ఒక వైపు సెక్రటేరియట్ పెద్దలు. రెండో వైపు వేంపల్లె నుంచి వచ్చిన బంధువులు, మధ్యలో అవ్వ. ఆమె జన్మలో నాటకం చూడలేదు. కొడుకు రాజు వేషం వేస్తున్నాడని ఎవరో చెబితే వచ్చింది. కిరీటం ఏదని రెండుసార్లు అడిగింది.

తాంబూలాల ఘట్టం వచ్చింది. తండ్రి వేషంలో వకీలు గారు, ఎదురుగా మేనమామ, పక్కన తలవంచుకుని గుమాస్తా. పురోహితుడు కూర్చుని, పళ్లెంలో ఆకులూ వక్కలూ టెంకాయా సర్ది, అలవాటు ప్రకారం తలెత్తకుండానే అడిగాడు.

"గోత్రం?"

ఈ ప్రశ్న నా దగ్గరున్న ప్రతిలో లేదు. వకీలు గారు చెప్పవలసిన మాట, "పురోహితులు ఆకలి మీద ఉన్నట్టున్నారు, త్వరగా కానివ్వండి" అని. నేను దాన్ని రెండుసార్లు అందించాను. ఆయనకు వినపడలేదు. తన ఇంటి పళ్లెం ముందు, తన ఇంటి పీట మీద, తన పురోహితుడు అడిగితే మనిషి ఏం చెబుతాడో అదే చెప్పారు. తన గోత్రం. తన తాత పేరు, తండ్రి పేరు, తన పేరు, ఆఖరికి తన కూతురి పేరు. అటు వైపు అడిగితే మేనమామ కూడా మూడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పురోహితుడు సంకల్పం చదివాడు. పళ్లెం ఈ చేతుల్లోంచి ఆ చేతుల్లోకి వెళ్లింది. ముందు వరుసలోంచి అవ్వ లేచి, పురోహితుడి గిన్నెలోని అక్షతలు అడిగి తీసుకుని, తన వాళ్లందరికీ తలా కాసిన్ని పంచి, తనే మొదట వేదిక మీదికి వేసింది. జనం చప్పట్లు. ముందు వరుస చివరి కుర్చీలో ఉన్న రెవెన్యూ శాఖ పెద్దాయన తెర పక్కనున్న నా వైపు వంగి, "చాలా సహజంగా ఉందండీ" అన్నాడు.

తెర దించాక మేనమామ తాంబూలాన్ని కండువాలో మూటగట్టి తల్లి ఒళ్లో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది.

"రాజు వేషం కాకపోయినా మేలే. ఇన్నేండ్లకు మాట ఇచ్చినాడు నా అల్లుడు" అంది.

మర్నాడు పొద్దున వకీలు గారి ఇంట్లో జరిగింది నాకు గోడవతల నుంచీ, తరువాత గోడ ఇవతల నుంచీ కూడా వినిపించింది. నన్ను సాక్షిగా పిలిపించారు కాబట్టి.

"అత్తా, అది నాటకం" అన్నారు వకీలు గారు.

"నాటకమే. నేను కాదన్నానా? ఊరంతా సూసింది గదా నాటకాన్ని."

"ఇచ్చింది నా కూతురిని కాదు. పక్కన కూసున్న ఆ గుమాస్తాను. కావాలంటే ఆ పిల్లోణ్ని తోలుకపో."

"ఆ పిల్లోడి గోత్రం చెప్పినావా నువ్వు? నీ గోత్రం చెప్పినావు. దీని పేరు చెప్పినావు. పంతులు చదివినాడు, పెద్దోల్లు అచ్చింతలు ఏసినారు. ఇంగ ఏం మిగిలిండాది? ఏమప్పా పేపరాయనా, నువ్వు పక్కనే ఉంటివే. ఈయప్ప చెప్పినాడా లేదా?"

చెప్పారన్నాను. అబద్ధం చెప్పే అవకాశం ఉన్నా, వేయి మంది విన్నదాన్ని ఖండించడం పత్రికల వాళ్లకు కూడా కష్టం.

పురోహితుణ్ని పిలిపించారు. నాటకమైతే ఏమిటి, సంకల్పం సంకల్పమే కదా అని ఆయన గొణిగాడు. ఆ ఇంట్లో పెళ్లి జరిగితే ఆయనకు వచ్చే నష్టమేమీ లేదు. వకీలు గారి భార్య తమ్ముడి పక్షమని వేరే చెప్పనక్కర్లేదు. ఆమె భర్తతో నేరుగా మాట్లాడటం మానేసి, కూతురి ద్వారా కబుర్లు పంపడం మొదలుపెట్టింది. "మీ నాయనకు చెప్పు, ఆడిన మాట తప్పితే పుట్టింటి గడప నేను తొక్కలేనని." పిల్ల పక్కనే ఉన్న నాయనకు ఆ మాట చెప్పేది. పెళ్లి తన పెళ్లే అయినా, మోసే కబుర్లన్నీ ఇతరులవి.

హత్య కేసుల్లో ముద్దాయిలను విడిపించే మనిషి, అత్తగారి ముందు వాయిదా కూడా అడగలేకపోయారు. మూడు రోజులు తిండి తినకుండా ఆలోచించి, ఒక ఉపాయం కనిపెట్టి నా గదికి వచ్చారు. రెండో భాగంలో మేనమామ తాంబూలం పడేస్తాడు కదా. అదే పెద్దల ముందు, అదే వేదిక మీద. తీసుకున్నది నిజమైతే పడేసింది కూడా నిజమే.

"ఎట్లుండాది?" అన్నారు.

"వాళ్లకు తోచకపోతే బాగానే ఉంటుంది" అన్నాను.

తోచింది. రెండో శనివారం ఆ ఘట్టం రాగానే మేనమామ కోపంగా లేచి, ఊగిపోతూ, చెయ్యెత్తి, ఆగాడు. "ఇదిగో నీ తాంబూలం, నీ మొగాన కొట్టుకో" అనాలి. నేను అందించాను. అతను నా వైపు తిరిగి, జనానికి వినబడేటట్టు, "ఆ ముక్క నేను చెప్పనప్పా" అన్నాడు.

పందిరి దద్దరిల్లింది.

వకీలు గారు వేదిక మీదే బతిమాలారు. "కోపమొచ్చింది గదా నీకు. నా కూతురు ఇంకొకర్ని సూసిందంటే రోషం లేదా?"

"రోషం ఉండాది. తాంబూలం కూడా ఉండాది. మాయమ్మ ఒళ్లో ఉండాది, పోయి అడుక్కో బావా."

నిజంగానే ఆమె ఒళ్లో ఉంది. వేంపల్లెలో పెట్టి వస్తే అల్లుడు వకీలు కాబట్టి కోర్టు అమీనాను పంపి జప్తు చేయిస్తాడని అనుమానం. ఆ మూట లేకుండా ఆమె స్నానానికి కూడా వెళ్లేది కాదు. ఆకులు ఎప్పుడో ఎండిపోయి, కదిలిస్తే పొడి రాలేది. జనం ముందు వరుస వైపు మెడలు సాచారు. ఆమె మూటను రెండు చేతులతో అదుముకుంది. మళ్లీ చప్పట్లు. కోస్తా గుమాస్తా, పాపం, తన ఏడుపు పాట ఎప్పుడు ఎత్తుకోవాలో తెలియక చీర కొంగు నములుతూ నిలబడ్డాడు. తెర దించేశాం. ఇంత గొప్ప హాస్యం కోస్తాలో కూడా చూడలేదని రెవెన్యూ పెద్దాయన వకీలు గారి చేయి ఊపాడు. 

పెళ్లికి ముహూర్తం పెట్టించారు. కాలేజీ తెరిచే వారంలోనే. కాలేజీ నుంచి రమ్మని కబురు వచ్చింది. వకీలు గారు దానికి బదులు పంపలేదు, అత్తగారికీ బదులు చెప్పలేదు. మూడో నాటకం మానేద్దామని మాత్రం అన్నారు. నలుగురిలో నవ్వులపాలయింది చాలన్నారు.

మానొద్దన్నది కూతురు. రిహార్సళ్లన్నీ ఆ ఇంటి నడవలోనే జరిగేవి. కాఫీలు ఇస్తూ, గ్లాసులు తీస్తూ ఆ పిల్ల మూడు నాటకాలూ నాకన్నా బాగా నేర్చుకుంది. ఎవరి మాటేమిటో, ఎవరికి ఏ మాట మీద మమకారమో కూడా తెలుసు. మూడో భాగంలో ముసుగు తీసే ఘట్టమంటే మేనమామకు ప్రాణం. తాళి కట్టి, ముసుగెత్తి, డ్రాయింగు మాష్టారి మొహం చూసి, మూర్ఛపోయి, లేచి, మళ్లీ చూసి మళ్లీ మూర్ఛపోవాలి. ఆ రెండో మూర్ఛ అతను సొంతంగా చేర్చుకున్నది. మిల్లులో మూటల మీద పడుతూ సాధన చేశాడట.

గురువారం అతను వచ్చి నడవలో కూర్చుంటే పిల్ల మజ్జిగ తెచ్చిచ్చింది.

"మామా, శనివారం నాటకం నువ్వు వేయొద్దులే. అవ్వకు ఇష్టం లేదేమో."

"ఇంగెవురు ఏస్తారే?"

"నాయన జూనియరు ప్లీడరు ఉండాడు గదా. నీ పోర్షన్ ఆయప్పకు వచ్చంట. నీకన్నా బాగా పడతాడంట, మూర్ఛ."

మేనమామ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "వాడా? వానికి నిలబడేకే రాదు, ఇంగ పడేదేంది! నేనే ఏస్తా. మీ నాయనతో చెప్పు, తెర లేపల్సిందే. లేదంటే నా తడికెలు నేను పీకిస్తా."

ఆ మాట అక్షరాలా నాయనకు చేరింది. నాటకం ఖాయమైంది.

శుక్రవారం మధ్యాహ్నం అవ్వ వక్కాకు నూరుకుంటుంటే, పిల్ల రోకలి తీసుకుని తను నూరిపెట్టడం నా కిటికీలోంచి కనిపించింది. అవ్వ ఒళ్లో మూట, మూట మీద చేయి.

"అవ్వా, మామ రేపు ఇంకొకరి మెడలో తాళి కడతాడు."

"నాటకంలోనా?"

"నాటకంలోనే. తాంబూలం తీసుకున్న తావునే. పంతులు కూడా ఆయప్పే."

అవ్వ కాసేపు నమిలింది. "ఎవురికి కడతాడు?"

"డ్రాయింగు మాష్టరుకు."

"మొగోడికా?"

"మొగోడే. అయినా గోత్రం అడుగుతాడు గదా పంతులు. నా తాంబూలం నీ ఒళ్లో పెట్టుకొని, మామ ఇంకో పీట మీద కూసుంటే నాకేం పేరు అవ్వా?"

అవ్వ రోకలి తన చేతిలోకి లాక్కుంది. ఆమె సంగతి నాకు తరువాత తెలిసింది. ఆమెను చేసుకున్నాయన పీటల మీది నుంచి లేచి నెల తిరక్కముందే ఇంకో పెళ్లి చేసుకున్నాడట. వేంపల్లెలో ఆమె సగం ఇంట్లో కాపురం చేసింది. ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మనవరాలు కూడా ఎత్తలేదు, ఎత్తనవసరం లేకుండా మాట్లాడింది.

మూడో శనివారం జనం రోడ్డు దాకా నిలబడ్డారు. రెండో నాటకం కీర్తి అలాంటిది. గుడారాల వాళ్లు పిల్లల్ని భుజాల మీద మోసుకొచ్చారు. రెండు జతలకూ రెండు జతల పీటలు వేశారు. ఒక జత మీద గుమాస్తా, కుర్ర ప్లీడరు వేషంలో వకీలు గారి జూనియరు. రెండో జత మీద మేనమామ, ఎర్ర ముసుగు కింద డ్రాయింగు మాష్టారు. పురోహితుడు అటు చదివి, ఇటు తిరిగి, మేనమామ చేతికి తాళి ఇచ్చి గోత్రం అడిగాడు. మేనమామ నోరు తెరిచాడు.

"ఆగు రా!"

అవ్వ కుర్చీల్లోంచి లేచి, మూట చంకన పెట్టుకుని, ప్రక్క మెట్ల మీదుగా వేదిక ఎక్కింది. జనం ఈలలు. కొత్త పాత్ర అనుకున్నారు. ఆమె కొడుకుకూ ముసుగుకూ మధ్య నిలబడింది.

"లేయ్. దిగి రా."

"అమ్మా, ఇప్పుడు కాదు. ముసుగు ఎత్తల్ల ఇంగ."

"నా మనమరాలి తాంబూలం పుచ్చుకొని ఇంకొకరి పక్కన పీట మీద కూసుంటావా?"

"ఇది డ్రాయింగు మాష్టరమ్మా!" అంటూ అతను ముసుగు కాస్త ఎత్తి చూపించాడు. లోపల్నుంచి మాష్టారు, "నమస్కారమమ్మా" అన్నాడు. పందిరి మళ్లీ దద్దరిల్లింది.

అవ్వ నవ్వలేదు. "ఆడో మొగో నాకెందుకు? పంతులు సంకల్పం చదువుతాండాడా లేదా? ఆ పొద్దు నిజం, ఈ పొద్దు ఉత్తదా? ఏమప్పా పంతులూ, సెప్పు."

పురోహితుడు పళ్లెంలోకి చూశాడు. రెండు నాటకాల నుంచీ "ఇవ్వను" అనలేని వకీలు గారు మూడో నాటకంలో కూడా అనలేకపోయారు. ఆయన రాసిన మాటలన్నీ నా చేతిలో ఉన్నాయి. ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేది లేదు.

"రెండే మాటలు" అంది అవ్వ, మూట ముందుకు చాచి. "ఇది కావాలంటే దిగి రా, పోదాం. ఆ తాళి కట్టాలంటే, ఇది ఇచ్చినోని చేతిలో మల్లా పెట్టి కట్టు. రెండూ నా కొడుక్కు లేవు."

ఆమెకు అనుమానం లేదు. కొడుకు దిగుతాడనే అడిగింది. ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది. మేనమామ తల్లిని చూశాడు. తాళిని చూశాడు. తరువాత తల తిప్పి జనాన్ని చూశాడు. వేదిక అంచు నుంచి రోడ్డు దాకా తలలే. వేయి మంది తన కోసం ఎదురుచూస్తున్నారు. వేరుశనగ మిల్లులో అతనికి ఇలాంటిది ఎన్నడూ దొరకలేదు, దొరకబోదు కూడా. తెర అవతల, పొరుగింటి ఆడవాళ్ల మధ్యన కూర్చున్న మేనకోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తోంది.

అతను తల్లి చేతిలోంచి మూట తీసుకుని, వకీలు గారి చేతిలో పెట్టాడు.

"తీసుకో బావా. తొందరగా తీసుకో, తాళి చేతిలో ఉండాది."

తాళి కట్టాడు. ముసుగెత్తాడు. మూర్ఛపోయాడు. లేచాడు. మళ్లీ పోయాడు. రెండో మూర్ఛకు జనం లేచి నిలబడ్డారు. "ఒన్స్ మోర్" అన్నారు. మళ్లీ పడ్డాడు. నిజం చెప్పాలి కదా, బాగా పడ్డాడు.

అవ్వ అప్పటికే మెట్లు దిగి తన కుర్చీలో కూర్చుంది. చేతులు ఖాళీగా ఉన్నాయి, వాటిని ఏం చేసుకోవాలో తెలియనట్టు. తాంబూలం తిరిగి వెళ్లింది కాబట్టి ఇక పెళ్లి లేదు; ఆమె మాట తప్పదు. అది ఆమెకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి, దాన్ని కొడుకే ఖర్చు పెట్టాడు. వకీలు గారు మూటతో నిలబడి దండం పెట్టారు. నేను నాటకం బాగా ఆడిందని నాలుగు ముక్కలు పత్రికకు పంపాను. అందులో రెండు అచ్చయ్యాయి.

వారం తిరక్కముందే వకీలు గారు కోలుకున్నారు. మూడో భాగంలో అత్తగారు వేదిక ఎక్కడం తన ఆలోచనేనని, ముందే అనుకుని రాశానని బార్ రూములో చెప్పుకున్నారు. నా చేతిలో ప్రతి ఉందని మరిచిపోయారో, ఉన్న గది పోతుందని విలేఖరులు జడుస్తారని తెలుసో. పురమందిరంలో మేనరికాల మీద మళ్లీ మాట్లాడారు. సొంత అనుభవం కూడా ఉదహరించారు. మేనమామను కడప నాటక సమాజాల వాళ్లు వేషాలకు పిలవడం మొదలుపెట్టారు. ఆ తరువాత అతన్ని వేంపల్లెలో చూడటం కష్టమైంది. మిల్లు గుమాస్తాలు మాత్రం సుఖపడ్డారు.

అనంతపురం బస్సుకు పిల్లను ఎక్కించడానికి తల్లి రాలేదు. వకీలు గారికి ఆ పొద్దు కోర్టులో పని ఉందట. అవ్వ వచ్చింది. సజ్జ రొట్టెలు మూటగట్టి తెచ్చి, బస్సు కిటికీలోంచి ఒళ్లో పెట్టింది.

"చదువు. రెండేండ్లు చదువు" అంది. "ఆ మీదట నీకు మొగుణ్ని నేనే తెస్తా. ఈసారి తెరా గిరా లేని తావున తాంబూలం పుచ్చుకుంటా. సూస్తాండు."

"ఎవుర్ని తెస్తావు అవ్వా?"

"ఎవుర్నైనా తెస్తా. నాటకాలు ఆడనోణ్ని తెస్తా."

పిల్ల నవ్వలేదు. కిటికీ ఊచ మీదున్న అవ్వ చేతిని మెల్లగా తీసి, దుమ్ము తుడిచి, కిందికి దించింది. బస్సు అప్పటికే కదులుతోంది.

"రెండేండ్లు కానీ అవ్వా. అప్పుడు నన్ను కూడా ఒక మాట అడుగు."

అవ్వ బస్సు వెంట నాలుగడుగులు వేసింది. "ఏమంటాంది?" అని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె బస్సు మలుపు తిరిగే దాకా చూసి, "అడుగుతాలే" అంది. వినవలసిన మనిషి అప్పటికే వెళ్లిపోయింది.